మాత్రకీ ఒక ఇంటిపేరు ఉంటుంది

మా పెద్దమ్మకు పొద్దున్నే మంచం దిగగానే కళ్ళు తిరిగేవి. నీరసం అనుకున్నారు, ఎండదెబ్బ అనుకున్నారు, కొబ్బరినీళ్ళు తాగించారు. ఒకరోజు ఆవిడ మందులు దాచుకునే పాత స్వీట్ల డబ్బాను మంచం మీద బోర్లించి ఒక్కో షీటూ తిప్పి చూశాను. ఆకుపచ్చ షీటు ఒకటి, నీలం షీటు ఒకటి. కంపెనీలు వేరు, పేర్లు వేరు, మాత్రల రంగులు వేరు. రెండింటి మీదా చిన్న అక్షరాల్లో ఉన్న మాట మాత్రం ఒక్కటే: టెల్మిసార్టన్ 40 మి.గ్రా. ఒకటి ఊళ్ళో డాక్టరు ఏళ్ళ తరబడి ఇస్తున్న బీపీ మాత్ర. రెండోది, కాలి ఆపరేషన్ అయి ఇంటికొచ్చేటప్పుడు ఆసుపత్రిలో రాసిచ్చింది. పాతది ఆపేయమని ఎవరూ చెప్పలేదు. ఆవిడ రెండూ వేసుకుంటోంది, ఒక్కపూట కూడా తప్పకుండా.

తప్పు ఆవిడది కాదు. షీటు మీద ముందుగా మన కంట్లో పడేది కంపెనీ పెట్టుకున్న పేరు. మందు అసలు పేరు దాని దగ్గరే ఉంటుంది. చాలావాటికి ఆ పేరు పక్కన ఐ.పి. అని కూడా ఉంటుంది. మన దేశపు ఔషధ ప్రమాణాల గ్రంథం ఇండియన్ ఫార్మకోపియా ప్రకారం తయారైందని దాని అర్థం. ఒకే మందు పది కంపెనీల నుంచి పది పేర్లతో రావచ్చు. ఈ అసలు పేరు మాత్రం మారదు.

ఒక మందును ఏ దేశంలోనైనా ఒకే పేరుతో గుర్తుపట్టాలన్న ఆలోచనతో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి పేర్ల తొలి జాబితాను 1953లో ప్రకటించింది. ఆ పేర్లు పెట్టడంలో ఒక పద్ధతి ఉంది. ఒకే రకంగా పనిచేసే మందుల పేర్లకు చాలావరకు చివర ఒకే ముక్క తగిలిస్తారు. మన ఇంటిపేరు లాంటిదే. మనకి ఇంటిపేరు ముందుంటుంది, మందులకు ఎక్కువగా వెనక ఉంటుంది, అంతే తేడా. ఈ ఇంటిపేర్లు ఓ పదిహేను తెలిస్తే చాలు, ఇంట్లో ఉన్న మందుల్లో చాలావాటి పని పోల్చుకోవచ్చు.

సార్టన్లు, ప్రిల్‌లు, డిపిన్‌లు

బీపీ మాత్రలన్నీ ఒక్కటే అనుకుంటాం గానీ, అవి నాలుగైదు వేర్వేరు కుటుంబాలు. ఒక్కో కుటుంబం రక్తపోటును ఒక్కో దారిలో తగ్గిస్తుంది. అందుకే ఒకే మనిషికి రెండు మూడు బీపీ మాత్రలు రాయడంలో తప్పేమీ లేదు. వేర్వేరు కుటుంబాల నుంచి ఒక్కోటి తీసుకుంటే ఒకదానికొకటి సాయం. మా పెద్దమ్మ విషయంలో జరిగింది అది కాదు. ఒకే మందు రెండు చొక్కాలు మార్చుకుని వచ్చింది.

రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటి 'ప్రిల్' మందుల కథ పాము విషంతో మొదలైంది. బ్రెజిల్‌లో ఉండే ఒక రక్తపింజర జాతి పాము కాటేస్తే రక్తపోటు పడిపోతుంది. ఆ విషంలోని పదార్థాన్ని చదివి, దాని పోలికలో తయారు చేసిన కాప్టోప్రిల్ ఈ కుటుంబంలో మొదటిది. మన ఒంట్లో రక్తనాళాలను బిగదీసే యాంజియోటెన్సిన్ అనే పదార్థం తయారు కాకుండా ఈ మందులు ఆపుతాయి. అయితే వాటివల్ల బ్రాడికైనిన్ అనే ఇంకో పదార్థం పేరుకుని కొందరికి పొడిదగ్గు పట్టుకుంటుంది. కఫం ఉండదు, జ్వరం ఉండదు, దగ్గు మాత్రం పోదు. దగ్గు టానిక్కులు ఎన్ని మార్చినా ఫలితం ఉండదు, ఎందుకంటే కారణం బీపీ మాత్రలో ఉంది. షీటు మీద 'ప్రిల్' కనిపించి ఇలాంటి దగ్గు ఉంటే డాక్టరుకి ఆ మాట చెప్పండి. సాధారణంగా 'సార్టన్' కుటుంబానికి మారుస్తారు. టెల్మిసార్టన్, లోసార్టన్ ఆ ఇంటివే. అవి యాంజియోటెన్సిన్ తయారీని ఆపవు, అది పనిచేసే చోటుకు అడ్డుపడతాయి. అందుకే దగ్గు బాధ చాలా తక్కువ. ఈ రెండు కుటుంబాల మందులూ గర్భిణులు వాడకూడదు. కడుపులో బిడ్డకు హాని చేస్తాయి. చిన్న వయసులోనే బీపీ వచ్చిన ఆడపిల్లలు గర్భం రాకముందే ఈ సంగతి డాక్టరుతో మాట్లాడుకోవాలి.

ఆమ్లోడిపిన్, సిల్నిడిపిన్ లాంటి 'డిపిన్'లు రక్తనాళాల గోడల్లోని కండరాన్ని సడలిస్తాయి. ఆమ్లోడిపిన్ వాడేవాళ్ళలో కొందరికి సాయంత్రానికి మడమల దగ్గర వాపు వస్తుంది. కిడ్నీలు పాడయ్యాయేమో అని టెన్షన్ పడిపోతారు. వాపుకి వేరే కారణాలు కూడా ఉండొచ్చు కాబట్టి చూపించుకోవాల్సిందే, కానీ ఈ మాత్ర సంగతి కూడా డాక్టరుకి గుర్తుచేయాలి. అటెనొలోల్, మెటోప్రొలోల్, ప్రొప్రనొలోల్ 'ఒలోల్' ఇంటివి. గుండె వేగాన్ని తగ్గిస్తాయి. ప్రొప్రనొలోల్‌ని కనిపెట్టిన జేమ్స్ బ్లాక్‌కి 1988లో నోబెల్ వచ్చింది. ఉబ్బసం ఉన్నవాళ్ళకు ప్రొప్రనొలోల్ ప్రమాదం. ఒలోల్ మందుల్ని ఉన్నట్టుండి మానేయడం కూడా ప్రమాదమే, గుండె ఒక్కసారిగా ఎదురుతిరుగుతుంది.

"నాకు బీపీయే లేదు, బీపీ మాత్ర ఎందుకు రాశారు?" అని కొందరు భయపడతారు. మైగ్రేన్ తలనొప్పి మళ్ళీ మళ్ళీ రాకుండా, చేతులు వణకకుండా ఉండడానికి కూడా ప్రొప్రనొలోల్ ఇస్తారు. కుటుంబం పేరు ఆ మందు ఒంట్లో ఏం చేస్తుందో చెబుతుంది. మీకు దేనికోసం ఇచ్చారో చెప్పాల్సింది డాక్టరే.

గ్యాస్ మాత్ర అని మనం పిలిచేవి

మన ఇళ్ళలో ఎక్కువగా, ఆలోచించకుండా వాడేసేది గ్యాస్ మాత్ర. నిజానికి వీటిలో చాలావాటికి గ్యాస్‌తో పనిలేదు. అవి పొట్టలో ఆమ్లం మీద పనిచేస్తాయి. మేడ మీద నీళ్ళ ట్యాంకు నిండి పొర్లుతోందనుకోండి. పొర్లిన నీటిని గుడ్డతో ఒత్తడం ఒక పద్ధతి. నోట్లో చప్పరించే బిళ్ళలు, తెల్లటి సిరప్‌లు చేసేది ఇదే. ఉన్న ఆమ్లాన్ని విరిచేస్తాయి, నిమిషాల్లో హాయినిస్తాయి, కాసేపటికి మళ్ళీ మొదలు. రెండో పద్ధతి, మోటారుకు వెళ్ళే స్విచ్చుల్లో ఒకదాన్ని కట్టేయడం. రానిటిడిన్, ఫామోటిడిన్ లాంటి 'టిడిన్'ల పని అది. అందులో కనిపించిన ఒక మలినం క్యాన్సర్ కారకం కావచ్చనే ఆందోళన రావడంతో రానిటిడిన్‌ను 2022లో మన దేశపు అత్యవసర మందుల జాబితా నుంచి తీసేశారు. మూడో పద్ధతి మోటారునే ఆపేయడం. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్, రాబెప్రజోల్ వంటి 'ప్రజోల్'లు అలా పనిచేస్తాయి.

పొట్టలో ఆమ్లం పోసే ఆ మోటార్లు మనం తినడం మొదలుపెట్టినప్పుడు నడుస్తాయి. నడుస్తున్న మోటారునే ప్రజోల్ ఆపగలదు. కాబట్టి తినడానికి అరగంట ముందే మందు లోపలికి వెళ్ళి సిద్ధంగా ఉండాలి. పరగడుపున వేసుకోమనేది ఇందుకే. అన్నం తిన్నాక మంట పుట్టినప్పుడు వేసుకుని, పనిచేయలేదని ఇంకోటి వేసుకునేవాళ్ళు ఎంతోమంది. ఇక డాక్టరు నాలుగు వారాలకు రాసినదాన్ని నాలుగేళ్ళు వాడేవాళ్ళు ఇంకా ఎక్కువ. ఆమ్లం మరీ తగ్గిపోతే ఆహారం నుంచి బి12 విటమిన్ సరిగా అందదు, మెగ్నీషియం తగ్గొచ్చు. కొందరికి దీర్ఘకాలం అవసరమే, అది డాక్టరు తేల్చాలి. పాంటోప్రజోల్ పేరు పక్కన డొంపెరిడోన్ కూడా ఉంటే అది వాంతులు ఆపే మందు. ఆ మాత్రలో రెండు మందులున్నాయని తెలిసి వేసుకోవాలి.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి ఉంటే అది గ్యాస్ అని మాత్ర వేసుకుని పడుకోకండి. గుండెపోటు కొందరిలో అచ్చం గ్యాస్‌లాగే మొదలవుతుంది. ముందు ఈసీజీ తీయించాలి.

జ్వరం, నొప్పులు, ఒక లెక్క

పారాసిటమాల్‌కు చుట్టాలు లేరు, ఒంటరి మందు. జ్వరం తగ్గిస్తుంది, ఓ మోస్తరు నొప్పి తగ్గిస్తుంది, పొట్టను బాధించదు. దాని బలహీనత మోతాదు. పెద్దవాళ్ళు రోజు మొత్తం మీద 4 గ్రాములు, అంటే 4000 మి.గ్రా. దాటకూడదు. లివర్ జబ్బున్నవాళ్ళకు, రోజూ మద్యం తాగేవాళ్ళకు, బాగా బక్కచిక్కినవాళ్ళకు ఇంకా తక్కువ. అంత ఎవరు వేసుకుంటారు అనిపిస్తుంది. లెక్క చూడండి. జ్వరానికి 650 మాత్ర మూడు పూటలా: 1950. ఒళ్ళునొప్పులకు ఎసిక్లోఫెనాక్ మాత్ర రెండు పూటలా, అందులో కలిపిన పారాసిటమాల్ ఒక్కోదానిలో 325: మొత్తం 650. జలుబుకి షాపులో ఇచ్చిన మాత్ర మూడు పూటలా, అందులోనూ 500: మొత్తం 1500. కూడితే 4100. మూడు వేర్వేరు మందులు వేసుకున్నానని మనిషి అనుకుంటాడు, లివర్‌కి చేరేది ఒకే మందు.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. అక్కడ పారాసిటమాల్‌ను ఎసిటమినోఫెన్ అంటారు, టైలెనాల్ అదే. ఇక్కడి నుంచి పట్టుకెళ్ళిన మాత్ర ఒకటి, అక్కడ కొన్నది ఒకటి కలిపి వేసుకునే ప్రమాదం ఉంది. ఉబ్బసం ఇన్‌హేలర్‌లోని సాల్బుటమాల్ కూడా అక్కడ అల్బుటెరాల్ అవుతుంది.

అసలైన నొప్పుల కుటుంబం వేరే ఉంది: ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్, నెలసరి నొప్పికి వాడే మెఫెనమిక్ యాసిడ్. వాపును, నొప్పిని పుట్టించే ప్రోస్టాగ్లాండిన్లు తయారు కాకుండా ఇవి ఆపుతాయి. చిక్కేమిటంటే పొట్ట లోపలి పొరను కాపాడేవీ, కిడ్నీలకు రక్తం సరిగా అందేలా చూసేవీ అవే ప్రోస్టాగ్లాండిన్లు. అందుకే ఈ మందులు రోజుల తరబడి వాడితే కొందరికి పొట్టలో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. మోకాళ్ళ నొప్పులతో ఏళ్ళ తరబడి షాపులో చెప్పి తెచ్చుకుని మింగే పెద్దవాళ్ళని చూస్తే నాకు దిగులేస్తుంది. బీపీ, షుగర్, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు డాక్టరుని అడగకుండా ఈ కుటుంబం జోలికి పోకూడదు. డెంగీ అనుమానం ఉన్న జ్వరంలో కూడా ఇవి వద్దు, రక్తస్రావం పెరగొచ్చు. అప్పుడు పారాసిటమాల్ ఒక్కటే, అదీ పరిమితి దాటకుండా. నిమెసులైడ్ కూడా ఈ కుటుంబమే. లివర్‌కు చేసే హాని వల్ల 12 ఏళ్ళలోపు పిల్లలకు దాన్ని మన దేశంలో 2011లోనే నిషేధించారు.

ఆస్పిరిన్ కూడా ఈ ఇంట్లోదే. కానీ 75 మి.గ్రా. చిన్న మాత్రగా అది నొప్పికి కాదు, రక్తం గడ్డకట్టకుండా గుండె జబ్బు ఉన్నవాళ్ళకు ఇస్తారు. స్టెంట్ వేసుకున్నవాళ్ళు తలనొప్పి మాత్ర అనుకుని దాన్ని మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

యాంటీబయాటిక్ జలుబుకి ఎందుకు పనిచేయదు

బాక్టీరియా కణం చుట్టూ ఒక గోడ ఉంటుంది. మన కణాలకు అలాంటి గోడ లేదు. అమోక్సిసిలిన్ లాంటి 'సిలిన్'లు, సెఫిక్సిమ్ లాంటి 'సెఫ్'లు ఆ గోడ కట్టుకోనివ్వవు. బాక్టీరియా పగిలి చస్తుంది, మన కణాలు పగలవు. (సెఫ్ కుటుంబానికి మాత్రం మనలాగే ఇంటిపేరు ముందుంటుంది.) అజిత్రోమైసిన్ లాంటి 'త్రోమైసిన్'లు, డాక్సీసైక్లిన్ లాంటి 'సైక్లిన్'లు బాక్టీరియా ప్రొటీన్లు తయారు చేసుకునే యంత్రాన్ని ఆపుతాయి. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి 'ఫ్లాక్సాసిన్'లు దాని డీఎన్ఏ పనిని అడ్డుకుంటాయి. ఇక జలుబు, ఫ్లూ తెచ్చేది వైరస్. దానికి గోడ లేదు, సొంత ప్రొటీన్ యంత్రం లేదు. మన కణంలో దూరి మన యంత్రాన్నే వాడుకుంటుంది. యాంటీబయాటిక్‌కు కొట్టడానికి అక్కడ ఏమీ లేదు. పోయే జలుబు ఎలాగూ పోతుంది, మనం మాత్రకు పేరిస్తాం. ఈలోగా పొట్టలోని మంచి బాక్టీరియా చస్తుంది, మిగిలిన మొండిది మందును తట్టుకోవడం నేర్చుకుంటుంది.

ఈ మందుల చరిత్రలో మన భీమవరం ఉంది. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే పరిశోధనశాలకు సారథ్యం వహించినప్పుడు, ఆయన దగ్గర పనిచేసిన బెంజమిన్ డుగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ కనుగొన్నారు. 1948లో లోకానికి తెలిసిన ఆ మందే సైక్లిన్ కుటుంబానికి పెద్దన్న. ఆ ఏడాదే సుబ్బారావు చనిపోయారు. బోదకాలు నివారణకు మన జిల్లాల్లో ఇంటింటికీ వచ్చి మింగించిన డీఈసీ మాత్ర కూడా ఆయన బృందం పనే. గర్భిణులకిచ్చే ఫోలిక్ యాసిడ్‌ను పరిశోధనశాలలో తయారు చేసిందీ, దానికి విరుద్ధంగా పనిచేసే మెథోట్రెక్సేట్‌ను తెచ్చిందీ వాళ్ళే.

మెథోట్రెక్సేట్ గురించి ఒక హెచ్చరిక తప్పనిసరి. క్యాన్సర్‌కు వాడే ఈ మందును చిన్న మోతాదులో కీళ్ళవాతానికి, సోరియాసిస్‌కు ఇస్తారు. ఆ జబ్బుల్లో వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి మనిషి చనిపోవచ్చు. ఇంట్లో ఎవరైనా వాడుతుంటే, వారంలో ఏ రోజు వేసుకోవాలో షీటు మీద పెద్దగా రాసిపెట్టండి.

జలుబు మాత్రలు, అలర్జీ మాత్రల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. సెట్రిజిన్, లెవోసెట్రిజిన్ తుమ్ములు, దురద తగ్గిస్తాయి. పాతకాలపు క్లోర్‌ఫెనిరమిన్ మెదడులోకి బాగా వెళ్తుంది కాబట్టి బాగా మత్తు. బండి నడిపేవాళ్ళు జాగ్రత్త. దాన్ని ముక్కుదిబ్బడ తగ్గించే ఫినైలెఫ్రిన్‌తో కలిపిన జలుబు మందును నాలుగేళ్ళలోపు పిల్లలకు ఇవ్వకూడదని లేబుల్ మీద హెచ్చరిక వేయమని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ అధికారులు ఆదేశించారు.

స్టెరాయిడ్ల సంగతి అలా వదిలేసేది కాదు. ప్రెడ్నిసొలోన్, డెక్సామెథాసోన్, బీటామెథాసోన్. ఉబ్బసం ముదిరినప్పుడు, కొన్ని కీళ్ళజబ్బుల్లో ఇవి ప్రాణం నిలబెడతాయి. జ్వరం, నొప్పి, దురద దేన్నైనా చిటికెలో అణచేస్తాయి, జబ్బు మాత్రం లోపల అలాగే ఉంటుంది. తామరకు స్టెరాయిడ్ క్రీమ్ రాస్తే నాలుగు రోజులు ఎరుపు తగ్గి, ఆ తర్వాత ఒళ్ళంతా పాకేది ఇందుకే. వారాల తరబడి మింగితే మన అడ్రినల్ గ్రంథులు సొంతంగా స్టెరాయిడ్ తయారు చేయడం మానుకుంటాయి. అప్పుడు మాత్ర టక్కున ఆపితే ఒళ్ళు కుప్పకూలుతుంది. మెల్లగా తగ్గించాలి. షీటు లేకుండా, కాగితం పొట్లంలో నాలుగు రంగుల మాత్రలు కట్టి ఎవరైనా ఇస్తే, ఆ నాలుగింటి పేర్లూ కాగితం మీద రాసిమ్మని అడగండి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు, అది మన హక్కు.

షుగర్ మాత్రల్లో ఏది ఎలా

మెట్‌ఫార్మిన్ లివర్ నుంచి చక్కెర ఎక్కువగా విడుదల కాకుండా చూస్తుంది. ఒక్కదాన్నే వాడితే షుగర్ మరీ పడిపోవడం అరుదు. పొట్టలో ఇబ్బంది తగ్గడానికి అన్నంతో గానీ తిన్న వెంటనే గానీ వేసుకుంటారు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి 'గ్లి'తో మొదలయ్యే పాత మందులు క్లోమాన్ని తట్టి ఇన్సులిన్ వదిలిస్తాయి, మనం తిన్నా తినకపోయినా. కార్తీక సోమవారం ఉపవాసం ఉంటూ, రంజాన్ రోజా పాటిస్తూ వీటిని ఎప్పటిలాగే వేసుకుంటే చెమటలు పట్టి, చేతులు వణికి, స్పృహ తప్పొచ్చు. ఉపవాసాలకు ముందే డాక్టరుని కలిసి మోతాదు మార్పించుకోవాలి. సిటాగ్లిప్టిన్ లాంటి 'గ్లిప్టిన్'లు భోజనం తర్వాతే ఎక్కువ పనిచేస్తాయి కాబట్టి ఆ భయం తక్కువ. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి 'గ్లిఫ్లోజిన్'లు చక్కెరను మూత్రంలోకి పంపేస్తాయి. మూత్ర పరీక్షలో షుగర్ కనిపిస్తే గాభరా పడకండి, ఆ మందు చేసే పని అదే. మూత్రం వచ్చే చోట ఫంగస్ దురద రావచ్చు, సిగ్గుపడకుండా డాక్టరుకి చెప్పాలి.

అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ వంటి 'స్టాటిన్'లు కొలెస్ట్రాల్ తయారీని తగ్గిస్తాయి. వీటి మొదటి మందును 1970ల్లో జపాన్‌లో అకిరా ఎండో బూజు నుంచి తీశారు. కారణం లేకుండా కండరాల నొప్పులు మొదలైతే ఈ మాత్ర పేరు డాక్టరు ముందు ఎత్తండి.

తోక చూసి మోసపోయే చోటొకటి ఉంది. చివర 'జోల్' ఉన్నవన్నీ చుట్టాలు కావు. పాంటోప్రజోల్ ఆమ్లానికి, ఫ్లూకొనజోల్ ఫంగస్‌కు, మెట్రోనిడజోల్ అమీబా విరేచనాలకు, బడిలో పిల్లలకు మింగించే ఆల్బెండజోల్ నులిపురుగులకు. అరిపిప్రజోల్ అయితే పూర్తిగా మానసిక వ్యాధుల మందు. కాబట్టి చివరి రెండక్షరాలు చాలవు, ఇంకో రెండు వెనక్కి చదవాలి.

షాపులో "అది లేదండీ, ఇది కూడా అదే" అని వేరే షీటు ఇచ్చినప్పుడు మూడు సరిపోవాలి: మందు అసలు పేరు, మి.గ్రా. అంకె, పేరు చివరి ఎస్.ఆర్., ఎక్స్.ఆర్. లాంటి అక్షరాలు. ఆ అక్షరాలుంటే మందు గంటల తరబడి మెల్లగా విడుదలయ్యేలా చేశారని అర్థం. డాక్టరు చెప్పకుండా అలాంటి మాత్రను విరిచి, నూరి వేసుకోకూడదు. జన్ ఔషధి కేంద్రాల్లో మందులు ఈ అసలు పేర్లతోనే, తక్కువ ధరకు దొరుకుతాయి. పేరు చదవడం వస్తే అక్కడ కొనడం సులువు.

మా పెద్దమ్మకు డాక్టరు ఒక షీటు ఆపేయించారు, నాలుగు రోజులకు కళ్ళు తిరగడం తగ్గింది. ఇప్పుడు ప్రతి షీటు వెనకా మార్కర్‌తో తెలుగులో రాసి ఉంటుంది: సార్టన్, బీపీ, పొద్దున. మెట్‌ఫార్మిన్, షుగర్, తిన్నాక. కొత్త మందు రాసిన రోజు ఆ స్వీట్ల డబ్బానే సంచిలో పెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తోంది.